ఎందుకండీ తమకి శ్రమ

రండి, రండి. అందరూ ఇలా దగ్గరికి జరగండి. ఫోనులో మాట్లాడుతున్న ఆయన కాస్త ఆపాలి, అవతలి మనిషి ఎక్కడికీ పారిపోడు. ఆ మూల గుసగుసలు కూడా చాలు. ట్యూబు నీళ్ళల్లో ముంచాను. బుడగ ఎక్కడ లేస్తుందో వెతుక్కుంటూ చెప్తాను, మీ పంక్చరూ అవుతుంది, నా కథా అవుతుంది. అదిగో, బల్ల ఖాళీగానే ఉంది. మీరు మాత్రం "ముందు మీరు కూర్చోండి", "అబ్బే, ముందు మీరు" అనుకుంటూ నిలబడ్డారు. ఆ జబ్బు గురించే ఈ కథ.

మా పులసలమెరకలో ఆ జబ్బు గాలిలోనే ఉంది. మా ఊళ్ళో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదట "ఎందుకండీ తమకి శ్రమ" అనాలి. మళ్ళీ అడిగితే "ఇప్పుడే అయిందండి" అనాలి. ఇంకా బతిమాలితే అప్పుడు "సరే, తమరు అంతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. అడగ్గానే తీసుకున్నవాడికి మా ఊళ్ళో పిల్లనివ్వరు. పొద్దున బస్సు వస్తే "ముందు తమరెక్కండి" అనుకుంటూ జనమంతా మెట్టు దగ్గరే నిలబడతారు, బస్సు ఖాళీగా పోయి ఖాళీగా తిరిగొస్తుంది. డ్రైవరుకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఎవరన్నా ఎక్కితే కంగారుపడి బండి ఆపేస్తాడు. ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు పక్కనున్న తోడల్లుడి వైపు తిరిగి "ముందు తమరు కానివ్వండి" అన్నాడు. మేళం ఆపించి, ఆ తాళి మళ్ళీ పెళ్ళికొడుకు చేతిలో పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తోడల్లుడు అప్పటికే "తమరు అంతగా అంటున్నారు కాబట్టి" దాకా వచ్చేశాడు మరి.

అలాంటి ఊళ్ళో, మా సందులో, నూకరత్నం అని ఒకావిడ ఉంది. పొట్టిక్కలు అమ్ముతుంది. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారే, అవి. ఆవిడ ఆవిరి మూత తీస్తే రైలు స్టేషన్లో దిగాల్సినవాడు కూడా ముందే దిగిపోయి వాసన పట్టుకుని నడిచొస్తాడు. మా ఊరికి రైలు లేదు, అయినా వస్తాడు. తెల్లారేసరికి తోపుడు బండి బస్టాండుకి చేరాలి. అక్కడ కిళ్ళీకొట్టు పక్కన నీడలో ఆవిడ చోటు. ఇల్లు గడిచేది ఆ బండి మీదే.

సందుకీ రోడ్డుకీ మధ్య మురుగుకాలవ ఉంది. దాని మీద ఒక సిమెంటు పలక ఉండేది. ఇసక లారీ ఒకటి వెనక్కి వస్తూ వస్తూ ఆ పలకని అప్పడంలా విరిచేసి వెళ్ళింది. మనుషులం గెంతి దాటేస్తాం. బండి గెంతదు కదా. బండి సందులో, బేరం బస్టాండులో.

వారం తిరక్కుండానే ఆవిడ చోట్లో బజ్జీల గవరయ్య పొయ్యి పెట్టాడు. నూకరత్నం పరిగెత్తుకుంటూ వెళ్ళి అడిగింది.

"నీ చోటు నేను తీసుకుంటానా అక్కా, అంత మాటంటే నా కళ్ళు పోతాయి" అన్నాడు గవరయ్య బజ్జీ తిప్పుతూ. "నువ్వొచ్చేదాకా చోటు పాడవకుండా చూత్తన్నానంతే. వర్షాలకి పొయ్యి కదలకుండా చుట్టూ కాత్త సిమెంటు చేయిద్దామనుకుంటన్నాను."

బస్టాండులో పొయ్యికి సిమెంటు పడిందంటే ఇక ఆ చోటు గవరయ్య మనవళ్ళది. నూకరత్నం తిన్నగా మునిసిపాలిటీకి వెళ్ళింది.

అక్కడ చెన్నకేశవులు గారని కొత్త కమీషనర్. మా వైపు మనిషి కాదు. ఎక్కడో మనసులో మాట మొహం మీదే చెప్పుకునే ఊళ్ళవాడు, పాపం. ప్రజల్ని అడిగి పాలించడం ఎలాగో ఆయన ట్రైనింగులో నేర్చుకుని వచ్చాడు. రాగానే ఒక పెద్ద బోర్డు చేయించాడు. తుఫానుకి కూడా ఎగరకూడదని రేకు వెనకాల సరుగుడు వాసాలు వేసి బిగించారు. నలుగురు మోస్తే గాని కదలదు. దాని మీద "ప్రజలు అడగనిదే మేము చేయము" అని రాయించాడు.

"అమ్మా," అన్నాడాయన నూకరత్నంతో, "పలక వేయుట స్వల్ప విషయము. కాని మిమ్మల్ని సంప్రదించకుండా మీ కాలవ మీద పలక వేయుట నిరంకుశత్వము. ఇకమీదట ఈ పురపాలక సంఘము తనంతట తాను ఏ పనీ చేయదు."

"నేను చెయ్యమంటన్నాను కదండీ బాబూ."

"మీరు దరఖాస్తుదారు. ప్రజలు వేరు."

"నేను పెజల్లో లేనాండీ?"

"సభకు వచ్చి కుర్చీలో కూర్చున్న క్షణము నుండి ఉందురు."

సభ పెట్టారు. సందు మొగలో షామియానా, మైకు, వెనకాల బోర్డు. ఊరంతా వచ్చింది. కమీషనర్ లేచి నిలబడి, "ప్రజలారా, మీకు పలక కావలెనా, వద్దా? నిర్భయముగా చెప్పండి" అన్నాడు.

ఒక పెద్దమనిషి, తనంతట తాను, నలుగురిలో, ఏదో ఇస్తానంటున్నాడు. మా వాళ్ళకి ఒళ్ళంతా మొహమాటం కమ్మేసింది. ముందు వరసలో రిటైరైన పోస్టుమాస్టరు లేచి, "ఎందుకండీ తమకి శ్రమ" అని కూర్చున్నాడు. రెండో వరసలో పాల కేంద్రం ఆయన, "మాకోసం అంత ఇబ్బంది పడకండి" అన్నాడు. వెనకనుంచి ఎవరో "తమరు అడిగారు, అదే పదివేలు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇక బతిమాలతాడని ఎదురుచూశాం.

మైకు నూకరత్నం చేతికొచ్చింది. ఆఫీసుకి వెళ్ళి అడుక్కోవడం వేరు, పందిట్లో పెద్దమనిషి ఇస్తానంటే ఎగబడటం వేరు. ఆవిడ కొంగు నిండా కప్పుకుని, నేల చూస్తూ, "పర్లేదండీ, ఎలాగోలా సర్దుకుంటాం" అంది. అని మైకు ఇచ్చేసి, ఇచ్చేసిన చేతిని తనే కొరికేద్దామన్నట్టు చూసుకుంది.

కమీషనర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుమాస్తా త్రిమూర్తులుని పిలిచి, "రాసుకోండి. పలక వద్దని ప్రజల ఏకగ్రీవ తీర్మానము" అన్నాడు. షామియానా విప్పేశారు. మేము ఆ విప్పిన కర్రల్నే చూస్తూ కాసేపు నిలబడ్డాం, ఇంకా అడుగుతాడేమోనని.

త్రిమూర్తులు మా సందువాడే. నూకరత్నం వాణ్ణి కాలవ దగ్గర పట్టుకుంది.

"ఏరా తమ్ముడూ, నువ్వీ ఊరోడివే కదా. మనోళ్ళు వద్దంటే ఏంటో నీకు తెల్దా?"

"తెలుసక్కా."

"మరి ఆయనకి చెప్పలేదే?"

"ఆయన నన్నడగలేదక్కా. అడక్కుండా పెద్దోళ్ళకి చెప్తే బాగోదు కదా."

కమీషనర్‌కి మాత్రం ఆ సభ రుచి మరిగింది. ఇంత త్యాగబుద్ధి గల జనం ఉన్నారని పైవాళ్ళకి రాశాడు. పైవాళ్ళు మెచ్చుకుంటూ తిరిగి రాశారు. ఇక ప్రతిదానికీ సభే. వీధి దీపాలు కావాలా అన్నాడు. "వెన్నెల ఉందిగా అండీ, ఎందుకు శ్రమ" అన్నాం. దీపాలు తీసేశారు. కుళాయి నీళ్ళు రోజూ కావాలా అన్నాడు. "రోజూ అంటే తమకి ఇబ్బందండీ" అన్నాం. కుళాయి ఆగిపోయింది. చెత్తబండి రానా అన్నాడు. "ఇప్పుడే ఊడ్చుకున్నామండి" అన్నాం. చెత్తబండి డ్రైవరు పుట్టింట్లో ఉన్న పెళ్ళాం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏ పనీ లేక ఆఫీసులో అందరూ ఒళ్ళు చేశారు. ఏ పనీ కోరని పట్టణం కాబట్టి సంతృప్తిలో మా ఊరికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఇవ్వడానికొచ్చినాయన చీకట్లో మా చెత్తకుప్ప ఎక్కి నిలబడి, ఇంత ఎత్తయిన వేదిక తానెక్కడా చూడలేదన్నాడు. మేం మొహమాటపడి ఏమీ అనలేదు.

ఈలోగా గవరయ్య ఇసక తెప్పించాడు.

నూకరత్నానికి నిద్ర పట్టలేదు. త్రిమూర్తులు గృహప్రవేశం పెట్టుకున్నాడని తెలిసి వాడి గుమ్మంలో కూర్చుంది. "ఒరేయ్, నువ్వు నోటితో చెప్పకపోతే పోయె. ఆయన్ని మీ ఇంటికి భోజనానికి పిలు. మిగతాది పేర్రాజు చూసుకుంటాడు."

పేర్రాజంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి వడ్డన చేయించే మనిషి. ఆయన బంతిలోకి దిగాడంటే తిన్నవాడు లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి.

కమీషనర్ విస్తరి ముందు కూర్చున్నాడు. పప్పు వేశారు. "చాలు" అన్నాడు. ఇంకో గరిటె పడింది. "వద్దండీ" అన్నాడు. నెయ్యి పడింది. "నిజముగా వద్దు" అన్నాడు. పూర్ణం బూరెలు దొర్లుకుంటూ వచ్చాయి. ఆయన ఎంత వద్దంటే అంత వేస్తున్నారు. చివరికి గుక్కతిప్పుకోలేక, "ఇది ఏమి అన్యాయము? నేను వద్దనుచుండగా మీరేల వేయుచున్నారు?" అన్నాడు.

పేర్రాజు నొచ్చుకున్నాడు. "అదేంటండీ, తవరు వెయ్యమంటేనే కదా ఏత్తన్నాం. మా ఊళ్ళో చాలంటే ఎయ్యమని. వద్దంటే ఇంకాత్త ఎయ్యమని. నిజంగా వద్దనుకుంటే రెండు చేతులూ అడ్డం పెట్టి విస్తరి మీదకి వంగిపోవాలండి. అప్పుడు మానేత్తాం."

కమీషనర్ చేతిలో బూరె చేతిలోనే ఉండిపోయింది. దీపాలూ, కుళాయిలూ, పలకా, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. ఆ మధ్యాహ్నమే కొత్త ఉత్తర్వు పుట్టింది. త్రిమూర్తులు దాన్ని సందు సందునా చదివాడు: "ప్రజలు వద్దన్నంత మాత్రమున వద్దన్నట్లు కాదు. సిబ్బంది తగు మర్యాదతో పదేపదే బలవంతము చేయవలెను. పౌరుడు రెండు చేతులూ అడ్డము పెట్టి, తల ముందుకు వంచినచో మాత్రమే దానిని తుది తిరస్కరణగా పరిగణించవలెను. బలవంతము చేయకముందే వెల్లడించిన కోరిక ఏదియు చెల్లదు."

నూకరత్నం ఆ సాయంత్రం బండి కడిగి, చక్రాలకి నూనె పెట్టింది.

మళ్ళీ సభ. ఈసారి మునిసిపాలిటీ సిబ్బందికి పేర్రాజు చేత తర్ఫీదు ఇప్పించారు. వాళ్ళు వరసల మధ్య నడుం వంచి తిరుగుతూ మొదలుపెట్టారు.

"పలక వేయించుకోండి."

"ఎందుకండీ తమకి శ్రమ."

"అలా అనకూడదు, ఒక్కటి. మా మాట కోసం."

"ఇప్పుడే..."

"మీరు వద్దంటే నా మీద ఒట్టే."

"సరే, తమరు అంతగా అంటున్నారు కాబట్టి."

పలక ఒప్పుకున్నాం. నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. కానీ పేర్రాజు తర్ఫీదు ఒక్కదానితో ఆగేది కాదు కదా. "ఒక్కటేంటండీ, జంటగా ఉండాలి, ఇంకో పలక" అన్నారు. వద్దన్నాం, రాసేసుకున్నారు. "పలకలతో పాటు చిన్న ఫౌంటెను, ఏమీ బరువుండదు" అన్నారు. మొహమాటపడ్డాం. "ఇంత దూరం వచ్చి స్వాగత ద్వారం పుచ్చుకోకపోతే ఎలా" అన్నారు. పోస్టుమాస్టరు గారింటి ముందు ఆయన వద్దు వద్దంటుండగానే ఈతకొలను ఒప్పించారు. పాల కేంద్రం ఆయన విగ్రహం పాల కేంద్రం ముందే పెట్టాలని తీర్మానమైంది, ఆయన బతికుండగానే. రెండు చేతులూ అడ్డం పెడదామని ఆయన ప్రయత్నించాడు గాని ఒక చేతిలో టీ గ్లాసు ఉంది.

అంత పెద్ద కోరికల మూట చూసి పైఆఫీసు భయపడింది. ఇవన్నీ ఒకేసారి కుదరవు, ముందు ఏది కావాలో ప్రజలే చెప్పాలని తిప్పి పంపింది.

మూడో సభ. "ముందు ఏది?" అన్నాడు కమీషనర్.

ఇంకేం చెప్పను. "ముందు పోస్టుమాస్టరు గారి ఈతకొలను కానివ్వండి" అన్నాడు పాల కేంద్రం ఆయన. "ఎంత మాట, ముందు తమరి విగ్రహం" అన్నాడు పోస్టుమాస్టరు. ఫౌంటెను వాళ్ళు ద్వారం ముందన్నారు, ద్వారం వాళ్ళు ఫౌంటెను ముందన్నారు. పొద్దు వాలిపోతోంది. ఆ మధ్యాహ్నమే గవరయ్య తాపీ మేస్త్రీని రేపు పొద్దున్నే రమ్మని చెప్పినట్టు నూకరత్నం చెవిన పడింది.

ఆవిడ లేచింది. కొంగు కప్పుకోలేదు, నేల చూడలేదు.

"ముందు నాదే. నాకు పలక కావాలి. ఇయ్యాలే కావాలి."

పెళ్ళి బంతిలో ఎవరో లేచి గుండిగలో చెయ్యి పెట్టినట్టు అందరూ చూశారు. పోస్టుమాస్టరు చెవులు మూసుకున్నాడు. కమీషనర్ మాత్రం పొంగిపోయాడు, తన ఊరి మాట విన్నట్టుంది ఆయనకి. అంతలోనే ఉత్తర్వు గుర్తొచ్చి మొహం వాడిపోయింది.

"అమ్మా, మీ స్పష్టత నాకు ఎంతో నచ్చినది. కాని మేము బలవంతము చేయకముందే చెప్పితిరి. కావున చెల్లదు."

"పోనీ ఇప్పుడు బలవంతం చెయ్యండి."

"కావలెనని చెప్పినవారిని బలవంతము చేయుటకు విధానములో చోటు లేదు. ఆవిడ తొలుత వద్దనవలెను, త్రిమూర్తులూ, వివరించండి."

త్రిమూర్తులు వివరించబోయి, ఆవిడ మొహం చూసి, విరమించుకున్నాడు. "రేపు ఉదయము నేనే స్వయముగా స్థల పరిశీలన చేసెదను" అని కమీషనర్ సభ ముగించాడు.

మర్నాడు తెల్లారకుండానే నూకరత్నం పొట్టిక్కలు ఉడికించి, బండి సర్ది, కాలవ గట్టున నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టావని అడిగితే, నిలబడితే గవరయ్యకి సెగన్నా తగులుద్ది అంది. కమీషనర్ వచ్చాడు. నలుగురు బోర్డు మోసుకొచ్చారు. విరిగిన చోటు, బోర్డు, తాను, మూడూ ఒకే ఫోటోలో పడాలన్నాడాయన. కాలవకి వీపు పెట్టి, బోర్డు మధ్యలో రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకాత్త వెనక్కి సార్" అన్నాడు ఫోటో అతను. "అక్షరాలు పడట్లేదు. ఇంకాత్త."

మాకు కనబడుతూనే ఉంది. కానీ ఆయన మమ్మల్ని అడగలేదు. అడక్కుండా పెద్దవాళ్ళకి చెప్తే బాగోదు కదా. ఇంకో అడుగు వేసేసరికి కమీషనర్ తిన్నగా కాలవలోకి దిగిపోయాడు, గుండెల లోతు. మోస్తున్న నలుగురూ ఉలిక్కిపడి వదిలేశారు. బోర్డు ఒక కొస ఈ గట్టు మీద, ఒక కొస ఆ గట్టు మీద, కొలతేసి కోయించినట్టు పడింది. నెత్తిన పడకుండా ఆయన రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకున్నాడు. తల కాస్త ముందుకి వంగింది.

త్రిమూర్తులు గట్టు మీద చతికిలబడి లోపలికి చూశాడు. "సార్, తమర్ని బయటికి తియ్యమంటారా?"

ఎన్ని నెలలు మా నీళ్ళు తాగాడో, ఎన్ని బంతుల్లో కూర్చున్నాడో. నలుగురూ చూస్తున్నారు. లోపలినుంచి ఎంతో మర్యాదగా వినిపించింది: "ఎందుకయ్యా మీకు శ్రమ."

మా అందరికీ ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి మా ఊరివాడయ్యాడు. త్రిమూర్తులు ఉత్తర్వు ప్రకారం బలవంతం మొదలుపెట్టబోయి, ఆగి, ఇంకాస్త వంగి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"రెండు చేతులూ అడ్డం పెట్టేశారు" అన్నాడు. "తల కూడా ముందుకే వంచారు. తుది తిరస్కరణ. ఇక అడక్కూడదు."

"త్రిమూర్తులూ" అంది కాలవ.

"లేదు సార్. తమరి సంతకమే ఉంది."

నూకరత్నం ఇదంతా వింటూ బోర్డునే చూస్తోంది. సరుగుడు వాసాలు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. బండి ముందు చక్రం తెచ్చి బోర్డు అంచుకి ఆనించి, వంగింది.

"బాబూ, ముందు తవరు పైకొత్తారా, నన్ను దాటమంటారా?"

ఆయన లోపల ఏం నలిగిందో ఆయనకే తెలియాలి. మా ఊరు గెలిచింది.

"ముందు మీరు కానివ్వండమ్మా."

ఆవిడ ఆయన్ని బతిమాలనివ్వలేదు. మొదటిసారే తీసుకుంది. బండి "ప్రజలు అడగనిదే మేము చేయము" మీదుగా గడగడలాడుతూ వెళ్ళింది. సరిగ్గా మధ్యలో, ఎక్కడైతే వాసాలు వంగాలో అక్కడ, కిందనుంచి రెండు చేతులు గట్టిగా పట్టాయి. పొట్టిక్కల ఆవిరి బస్టాండు దాకా తెల్లగా సాగింది. తాపీ మేస్త్రీ ఆ వాసనకి సిమెంటు బొచ్చె అక్కడే దించేసి, పనసాకు బుట్ట ఒకటి చేతిలోకి తీసుకున్నాడట. గవరయ్య తన పొయ్యి తనే ఎత్తుకుని, "నీకోసమే చూత్తన్నానక్కా" అన్నాడట.

ఇక్కడ కాలవ గట్టున మాకు జాలేసింది. ఉత్తర్వు పోతే పోయిందని నలుగురం పంచెలు ఎగ్గట్టి, తాడు తెచ్చి, కమీషనర్‌ని పైకి లాగడానికి వంగాం. అప్పుడు అవతలి గట్టున గొడుగేసుకుని మొదట్నుంచీ చూస్తున్న ఒకాయన, ఏ ఊరో ఏమో, గొంతు సవరించుకుని అన్నాడు:

"తియ్యండి, తియ్యండి, నేను కాదన్ను గాని... మరి సాయంత్రం ఆవిడ బండి తిరిగొచ్చేటప్పుడు కింద ఎవర్ని పెడతారండీ?"